నిస్తంత్రీ రౌటరు – ప్రసార సామర్థ్యము

చిలకలూరిపేట పరిసరములలో పత్తి మిల్లులు, మిరపకాయలు నిలవచేయు శీతల గిడ్డంగులు, వాని నడుమ పాఠశాలలు, ఇండ్లు కానవచ్చును. ఈ కట్టడములలో పెక్కింటి యందు నేడు ఒకే వస్తువు కలదు. అది అరచేతికంటె కొంచెము పెద్దదై, రెండు మూడు కొమ్ములు గల ప్లాస్టిక్కు పెట్టె. దానిని రౌటరు అందురు. గాజు తంతువు ద్వారా గోడవరకు వచ్చిన ఇంటర్నెట్టును గాలిలోనికి వెదజల్లుట దాని పని. గిడ్డంగి గుమాస్తా సరకు ధర చూచుకొనుటకును, ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు గుండె కొట్టుకొను తీరును కదలు బొమ్మలలో చూపుటకును ఈ పెట్టెయే ఆధారము.

పెట్టె ఉన్న గదిలో అంతయు బాగుగనే యుండును. మూడు గదులు దాటి కంప్యూటరు గదికి పోవుసరికి తెరపై బొమ్మ నిలిచిపోవును. పరీక్ష దరఖాస్తు పంపుటకు గడువు ముగియు దినమున ఇట్లు జరిగినచో అది కేవలము విసుగు కాదు, విద్యార్థికి నష్టము. దుకాణదారు ‘ఇంకొక పెద్ద రౌటరు కొనండి’ అని సలహా ఇచ్చును. కొన్ని సందర్భములలో ఆ సలహా సరియైనదే. మరికొన్నింటిలో మాత్రము పాత పెట్టెలోని రేడియో తనకు చేతనైనంత సామర్థ్యముతో ప్రసారము చేయుట లేదు. దాని నోరు కట్టివేయబడి యున్నది. కట్టినది లోపలనున్న ప్రోగ్రాము. ఆ ప్రోగ్రామును స్వయముగ తయారుచేసికొని మార్చుటకు వీలున్నది. అది ఎట్లు జరుగునో, దానివలన ఎంత లాభమో, ఎచట ఆగవలెనో చూతము.

ముందుగా కొలతలు. రౌటరు ప్రసార సామర్థ్యము చాల స్వల్పము. సాధారణముగ అది 100 మిల్లీవాట్లు, అనగా వాటులో పదవ వంతు. రాత్రివేళ వెలిగించు అర వాటు ఎల్‌ఈడీ దీపమునకు కూడ ఇంతకు అయిదు రెట్లు కావలెను. ఫోనుకు అందునది ఇంకను స్వల్పము. మిల్లీవాటులో కోటవ వంతు అందినను ఫోను చక్కగ పనిచేయును. ఇంత దూరదూరముగ నున్న సంఖ్యలను గుణించుచు, భాగించుచు కూర్చొనుట కష్టము. అందుచే ఇంజనీర్లు సంవర్గమానములను ఆశ్రయించిరి. ఒక మిల్లీవాటును 0 గా తీసికొని, సామర్థ్యము పది రెట్లైనపుడెల్ల 10 కలుపుదురు. పదవ వంతైనపుడెల్ల 10 తీసివేయుదురు. ఈ మానమునకు డీబీఎం అని పేరు. 100 మిల్లీవాట్లు 20 డీబీఎం. ఒక వాటు 30 డీబీఎం. మిల్లీవాటులో కోటవ వంతు −70 డీబీఎం. సామర్థ్యము రెండింతలైనచో సుమారు 3 కలియును. 2 యొక్క సంవర్గమానము 0.3010 అని పట్టికలో చూచిన విద్యార్థి ఈ 3 ఎచ్చటనుండి వచ్చినదో తానే చెప్పగలడు.

రౌటర్లు వాడు తరంగములలో ముఖ్యమైనవి సెకండునకు 240 కోట్ల కంపనములు గలవి, అనగా 2.4 గిగాహెర్ట్జ్. వీని తరంగదైర్ఘ్యము సుమారు 12 సెంటీమీటర్లు. అడ్డులేని చోట విలోమవర్గ నియమము ననుసరించి దూరము రెండింతలైన అందు సామర్థ్యము నాలుగవ వంతగును. అనగా 6 డెసిబెల్లు తగ్గును. లెక్కవేసినచో 10 మీటర్ల దూరమున 60 డెసిబెల్లు, 100 మీటర్లకు 80, కిలోమీటరునకు 100 డెసిబెల్లు నష్టమగుచున్నవి. ఈ నాలుగు సంఖ్యలు జ్ఞాపకముంచుకొన్నచో మిగిలినదంతయు కూడిక, తీసివేతయే. 20 డీబీఎంతో బయలుదేరిన తరంగము 10 మీటర్లు పోవుసరికి −40 అగును. దారిలో మూడు ఇటుక గోడలుండి, గోడ ఒక్కింటికి 8 డెసిబెల్లు పోయినచో −64 మిగులును. ఇది మంచి సంకేతమే. నీరు ఈ తరంగములను పీల్చుకొనును గనుక పచ్చని చెట్లు, నిండిన నీటి తొట్టె, తరగతిలో కిక్కిరిసి కూర్చున్న పిల్లలు కూడ కొంత నష్టము కలిగింతురు. రేకు తొడిగిన పలకలతో కట్టిన శీతల గిడ్డంగి గోడను దాటి పోవుట తరంగమునకు దాదాపు అసాధ్యము. అది వెనుకకు పరావర్తనము చెందును. అట్టిచోట సామర్థ్యము ఎంత పెంచినను ప్రయోజనము లేదు. లోపల మరియొక రౌటరును తీగతో కలుపుట మేలు.

ఇక రౌటరు ఎంత సామర్థ్యముతో ప్రసారము చేయవలెనో నిర్ణయించునదెవరు? రౌటరు నిజమునకు ఒక చిన్న కంప్యూటరు. దానిలో ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, విద్యుత్తు పోయినను చెరగని ఫ్లాష్ చిప్పు, వీనితోపాటు రేడియో ఉండును. ఫ్లాష్‌లో స్థిరముగా వ్రాసియుంచిన ప్రోగ్రామునకు ఫర్మ్‌వేర్ అని పేరు. రేడియోను నడుపు భాగమును డ్రైవరు అందురు. ఈ డ్రైవరు మూడు సంఖ్యలను చూచును. మొదటిది, ఆ దేశపు చట్టము అనుమతించు గరిష్ఠ సామర్థ్యము. రెండవది, కర్మాగారములో ఆ రేడియోను పరీక్షించి, ఏ వేగమునకు ఎంత సామర్థ్యము తగునో చిప్పులో వ్రాసిన క్రమాంకన పట్టిక. మూడవది, వాడుకరి కోరిన సామర్థ్యము. ఈ మూడింటిలో ఏది తక్కువో దానిని డ్రైవరు పాటించును. చిక్కులన్నియు ఇచ్చటనే పుట్టుచున్నవి.

చట్టములు అన్ని దేశములలో ఒకటి కావు. మన దేశములో 2005 జనవరి 28 న ప్రకటించిన నియమములు 2.4 నుండి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు గల పట్టీని లైసెన్సు లేకుండ వాడుకొనుటకు అనుమతించినవి. ట్రాన్స్‌మిటరు గరిష్ఠ సామర్థ్యము ఒక వాటు, ఏంటెనా లాభమును కూడ కలిపి 4 వాట్లు అని హద్దు పెట్టినవి. ఐరోపాలో ఇదే పట్టీకి హద్దు ఏంటెనాతో కలిపి 100 మిల్లీవాట్లు మాత్రమే. ఏంటెనా లాభమనగా ఏమి? ఏంటెనా కొత్తగా సామర్థ్యమును పుట్టింపదు. లాంతరు వెనుక అద్దము పెట్టినట్లు, అన్ని దిక్కులకు పోవుదానిని ఒక దిక్కునకు కూర్చును. ఆ దిక్కున నున్నవానికి దీపము పెద్దదైనట్లు తోచును.

ఐరోపా కొఱకు తయారైన రౌటరు ఒకటి మన ఊరికి చేరినదనుకొనుడు. దాని ఏంటెనా లాభము 5 డెసిబెల్లు. 20 లోనుండి 5 తీసివేసిన 15. కాబట్టి ఆ రేడియో 15 డీబీఎంతో, అనగా 32 మిల్లీవాట్లతో మాత్రమే మాటలాడును. మన చట్టము అంతకంటె ఎక్కువ అనుమతించుచున్నను, రేడియోకు ఆ శక్తి ఉన్నను, చిప్పులోని ప్రాంతపు గుర్తు దానిని ఆపుచున్నది. ‘దేశము: ఇండియా’ అని అమరికలలో మార్చినను ఫలితముండక పోవచ్చును. అథెరోస్ కంపెనీ చిప్పుల డ్రైవరులో ఒక కట్టుబాటు కలదు. చిప్పులో వ్రాసిన ప్రాంతమే ప్రమాణము. వాడుకరి దానిని ఇంకను తగ్గింపవచ్చునే గాని పెంచరాదు. రెండు దేశముల నియమములలో ఉమ్మడిగా నున్నదే మిగులును.

కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ తాళము వేసిన పెట్టె వంటిది. అందులో ఈ కట్టుబాటును మార్చుటకు వీలులేదు. అయితే ఆ తాళము తెరచుటకు ఒక చరిత్ర ఉన్నది. 2002 చివర లింక్‌సిస్ అను అమెరికా కంపెనీ డబ్ల్యుఆర్‌టి 54జి అను నీలి, నలుపు రంగుల రౌటరును విడుదల చేసినది. దాని ఫర్మ్‌వేరులో లినక్సు ఉన్నట్లు కొందరు ప్రోగ్రామరులు కనిపెట్టిరి. లినక్సు, 1991 లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన నిర్వహణ వ్యవస్థ. దాని లైసెన్సు ప్రకారము ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును. కాని దానిని పెట్టెలో పెట్టి అమ్మువారు మూలపాఠమును కూడ కొన్నవారికి అందుబాటులో నుంచవలెను. ఒత్తిడి పెరుగగా 2003 లో కంపెనీ మూలపాఠమును బయటపెట్టినది. దానిని ఆధారముగ చేసికొని 2004 లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అను ఉమ్మడి కృషి మొదలైనది. పేరులోని చివరి మూడక్షరములు ఆ పాత రౌటరు జ్ఞాపకమే. ఒక కంపెనీ లైసెన్సు షరతును పాటింపవలసి వచ్చుటచే లోకమంతటికి రౌటర్ల లోపలి సంగతి తెలియుట విచిత్రమే. నేడు ఆ ఫర్మ్‌వేర్ వందలకొలది మాదిరుల రౌటర్లపై నడచుచున్నది.

తయారైన ఫర్మ్‌వేరును దించుకొనుటకును, స్వయముగ కట్టుకొనుటకును గల భేదము దుకాణపు కారమునకును, మిరపకాయలు ఏరి మిల్లులో ఆడించుకొన్న కారమునకును గల భేదము వంటిది. రెండవదానిలో ఏది ఎంత వేయవలెనో మన చేతిలో నుండును. పని ఇట్లు సాగును. లినక్సు నడచు కంప్యూటరు ఒకటి, సుమారు 15 గిగాబైట్ల ఖాళీ స్థలము, ఇంటర్నెట్టు కావలెను. గిట్ అను సాధనముతో మూలపాఠమును తెచ్చుకొని, ‘మేక్ మెనూకాన్ఫిగ్’ అను ఆజ్ఞ ఇచ్చినచో ఒక జాబితా తెరపై కనబడును. దానిలో రౌటరు చిప్పు కుటుంబమును, సరియైన మాదిరిని ఎన్నుకొనవలెను. డ్రైవర్ల విభాగములో అథెరోస్ చిప్పులకు ‘వాడుకరి చెప్పిన దేశమును మన్నింపుము’ అను అర్థము గల ఎంపిక ఒకటి కలదు. పైన చెప్పిన కట్టుబాటును సడలించునది అదియే. పిదప ‘మేక్’ అన్నచో పని మొదలగును.

ఈ ‘మేక్’ చేయు పని ఆసక్తికరమైనది. మన కంప్యూటరు ప్రాసెసరు భాష వేరు, రౌటరులోని మిప్స్ లేక ఆర్మ్ ప్రాసెసరు భాష వేరు. అందుచే అది మొదట, ఇచ్చట నడచుచు అచ్చటి భాషలోనికి మార్చు అనువాదకుని తయారుచేయును. తరువాత ఆ అనువాదకునిచే లినక్సు గర్భమును, డ్రైవర్లను, చిన్న ప్రోగ్రాములను ఒక్కొక్కటిగ అనువదింపజేసి, అన్నిటిని నొక్కి కుదించి ఫ్లాష్‌లో పట్టునట్లు ఒకే కట్టగా కట్టును. సామాన్యమైన కంప్యూటరుపై మొదటిసారి కొన్ని గంటలు పట్టును. చివరకు లభించు దస్త్రము కొన్ని మెగాబైట్లు మాత్రమే. రౌటరులో కనీసము 8 మెగాబైట్ల ఫ్లాష్, 64 మెగాబైట్ల జ్ఞాపకశక్తి లేనిచో నేటి ఫర్మ్‌వేరునకు చోటు చాలదు.

ఇంత శ్రమపడుటకు పూర్వము ఒక సంగతి చూచుకొనవలెను. చాల పెట్టెలలో దోషము డ్రైవరులో కాక అమరికలో నుండును. దేశపు గుర్తు నింపని రౌటరు ‘00’ అను ప్రపంచ నియమమును పాటించును. అది ఏ దేశమునకును ఇబ్బంది కలుగనట్లు రూపొందించిన అతి జాగ్రత్త నియమము. అట్టిచోట దేశము స్థానమున ఇండియా గుర్తు వ్రాసినచో పని తీరును. తెరపై కనబడు సంఖ్యను కూడ పూర్తిగ నమ్మరాదు. కొన్ని రౌటర్లలో చిప్పు తరువాత వేరొక వర్ధకము ఉండును. దాని వర్ధనము డ్రైవరుకు తెలియనపుడు తెరపై 17 అని కనబడినను బయటకు వచ్చునది అంతకు చాల ఎక్కువ కావచ్చును. ఇట్టి పెట్టెలో సంఖ్య తక్కువగ నున్నదని పెంచినవాడు తెలియకయే చట్టపు హద్దు దాటును.

క్రమాంకన పట్టిక మాట ప్రత్యేకముగ చెప్పవలెను. అథెరోస్ చిప్పులు గల రౌటర్లలో ఫ్లాష్ చివర ‘ఆర్ట్’ అను చిన్న భాగములో ఆ పట్టిక ఉండును. మీడియాటెక్ చిప్పులలో దానిని ‘ఫ్యాక్టరీ’ అందురు. ఒకే మాదిరి రౌటర్లు వేయి తయారైనను, ఒక్కొక్కదాని రేడియోలో స్వల్ప భేదములుండును గనుక ఒక్కొక్కదానికి పట్టిక వేరు. ఫర్మ్‌వేరును తప్పు చోట వ్రాసి ఆ భాగమును చెరిపినచో, ప్రసారము సన్నగిల్లును లేదా ఆగిపోవును. దానిని మరల కట్టుట ఇంటిలో సాధ్యము కాదు. పొరుగువాని రౌటరు పట్టికను తెచ్చి పెట్టిన కొంత పనిచేయును గాని, కళ్ళజోడు మార్చుకొన్నట్లుండును. కాబట్టి మొదటి పని ఆ భాగపు నకలు తీసి వేరొక చోట దాచుట. పెట్టె అడుగున అంటించిన చీటిలో మాదిరి పేరుతోపాటు దాని కూర్పు సంఖ్యను కూడ చూడవలెను. పేరొకటే అయినను లోపలి చిప్పు మారియుండవచ్చును. ఫర్మ్‌వేర్ వ్రాయుచున్నపుడు విద్యుత్తు పోయినచో రౌటరు కదలని ఇటుకయగును. వేసవిలో కరెంటు కోతల సంగతి తెలిసిన మన జిల్లావారికి వేరుగ చెప్పనక్కరలేదు; బ్యాటరీ ఆధారముతో చేయుట ఉత్తమము.

ఇంత జాగ్రత్తతో 15 ను 20 చేసితిమనుకొందము. లాభమెంత? 5 డెసిబెల్లు, అనగా సామర్థ్యము మూడు రెట్లకు కొంచెము పైన. బయలు ప్రదేశములో చేరు దూరము 1.8 రెట్లగును. గోడలు గల భవనములో సంకేతము దూరముతోపాటు ఇంకను త్వరగా క్షీణించును గనుక దూరము సుమారు 1.4 రెట్లు మాత్రమే పెరుగును. పది మీటర్లు పదునాలుగగును. అనగా కంప్యూటరు గది ఒక గోడ అవతల నున్నచో బ్రతికినట్లే. వరండా చివర నున్నచో ఫలితము తక్కువ.

మరియొక చిక్కు గలదు. సంభాషణకు ఇద్దరు కావలెను. రౌటరు గొంతు పెంచినను ఫోను గొంతు పెరుగదు. ఫోనులో బ్యాటరీ చిన్నది, రేడియో చిన్నది. దాని ప్రసారము తరచు 15 డీబీఎం ప్రాంతముననే యుండును. రౌటరు మాట ఫోనుకు వినబడును. ఫోను జవాబు రౌటరుకు అందదు. తెరపై సంకేతపు గీతలు నిండుగ కనబడుచు పుట మాత్రము తెరచుకొనకుండుటకు ఇదియొక కారణము. ఫర్మ్‌వేర్ మార్చి నిరాశపడినవారిలో పెక్కుమందికి ఈ సంగతి తట్టదు.

వేగము సంగతియు ఉన్నది. అధిక వేగమునకు తరంగపు రూపము బహు సున్నితముగ నుండవలెను. వర్ధకమును దాని శక్తికి మించి నెట్టినచో తరంగము వికృతమగును. పెండ్లి పందిరిలో మైకును గరిష్ఠమునకు త్రిప్పినపుడు పాట బొంగురుపోవుట వంటిదే ఇది. క్రమాంకన పట్టికలో వేగము హెచ్చినకొలది సామర్థ్యము తగ్గించి వ్రాయుట అందుకే. ఆ పట్టికను లక్ష్యపెట్టకుండ పెంచినచో వేగము తగ్గుటయే గాక, వికృత తరంగపు అంచులు ప్రక్క చానళ్ళలోనికి చిందును. 2.4 పట్టీలో ఒకదానితో నొకటి కలియని చానళ్ళు 1, 6, 11 అను మూడే. ప్రతి రౌటరు మాటలాడుటకు ముందు ఇతరులు మాటలాడుచున్నారా అని ఆలకించును. ఒక రౌటరు గొంతు పెద్దదైనచో వీధిలోని మిగిలినవన్నియు మౌనముగ వేచియుండవలసి వచ్చును. 2005 నాటి మన నియమములు కూడ ఈ విషయమును విడువలేదు. లైసెన్సు గలవారి ప్రసారమునకు హాని కలిగినచో రౌటరు గలవాడు దాని చోటు మార్చుటయో, సామర్థ్యము తగ్గించుటయో చేయవలెను, కానిచో నిలిపివేయవలెను.

ఈ భయముతోనే అమెరికాలో 2015 ప్రాంతమున వివాదము చెలరేగినది. అచ్చటి ప్రసార నియంత్రణ సంఘము రౌటర్ల రేడియో హద్దులను వాడుకరులు మార్చలేకుండ చేయవలెనని కంపెనీలను కోరగా, కొందరు ఫర్మ్‌వేర్ మొత్తమును తాళము వేయుట కద్దారి యని భయపడిరి. 2016 ఆగస్టులో టీపీ-లింక్ కంపెనీ దేశపు గుర్తు మార్చి హద్దు దాటుటకు వీలుండు రౌటర్లు అమ్మినందుకు 2 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. అదే ఒప్పందములో, ఇతరుల ఫర్మ్‌వేరునకు తన రౌటర్లలో చోటిచ్చుటకు ప్రయత్నింతునని కూడ అంగీకరించినది. రేడియోకు హద్దు ఉండవలెను, ప్రోగ్రామునకు స్వేచ్ఛ ఉండవలెనను ఈ మధ్యేమార్గము సమంజసముగనే యున్నది.

నిజమైన దూరము సాధించినవారు సామర్థ్యమును పెంచి సాధింపలేదు. మన రాష్ట్రముననే ఉదాహరణ కలదు. 2000 తరువాతి దశాబ్దములో పశ్చిమ గోదావరి జిల్లా భీమవరము ప్రాంతమున బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ అను పేర గ్రామములను వైఫై ద్వారా కలిపి, వైద్యము, చదువు దృశ్యరూపమున అందించినది. ఇట్టి వలల గుణదోషములను పరిశోధించిన భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2005 లో ప్రకటించిన పద్ధతి గమనింపదగినది. ఒకే స్తంభముపై నున్న పలు రేడియోలు ఒకదానినొకటి చెడగొట్టకుండ, అన్నియు ఒకేసారి పలికి, ఒకేసారి ఆలకించునట్లు ప్రోగ్రామును మార్చిరి. ఆ పద్ధతిలో ఒక్కొక్క రేడియో సామర్థ్యమును తగినంతకు కుదించుట ముఖ్యాంశము.

వెనిజులాలో ఎర్మన్నో పియెట్రోసెమోలి 2006 లో 279 కిలోమీటర్ల దూరమునకు వైఫై సంకేతమును పంపెను. వాడినవి పైన చెప్పిన డబ్ల్యుఆర్‌టి 54జి రౌటర్లు. వానిలో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి ఫర్మ్‌వేర్. రెండు కొండల మీద పెద్ద పరవలయ ఏంటెనాలు నిలిపిరి. ఫర్మ్‌వేర్ ఇచ్చట ఎందుకు కావలసి వచ్చెను? రౌటరు ఒక పొట్లము పంపి ‘అందినది’ అను జవాబు కొఱకు కొన్ని మైక్రోసెకండ్లు మాత్రమే వేచియుండును. కాంతి కిలోమీటరు పోవుటకు 3.3 మైక్రోసెకండ్లు పట్టును. 279 కిలోమీటర్లు పోయి వచ్చుటకు సుమారు 1860 మైక్రోసెకండ్లు కావలెను. ఆ ఓపికను ఫర్మ్‌వేర్ నేర్పినది.

మన ప్రాంతమునకు తగిన లెక్క ఒకటి. పేట నుండి 10 కిలోమీటర్ల దూరమున నున్న గ్రామపు పాఠశాలకు 24 డెసిబెల్ల లాభముగల ఏంటెనాలు రెండువైపుల పెట్టినచో, 36 డీబీఎం హద్దులో నుండుటకు రేడియో 12 డీబీఎం, అనగా 16 మిల్లీవాట్లు మించరాదు. 12 కు 24, 24 కలిపి, దారి నష్టము 120 తీసివేసిన −60 మిగులును. ఇంటి రౌటరుకంటె తక్కువ సామర్థ్యముతో పది కిలోమీటర్లు! అయితే నడుమ ఏమియు అడ్డుండరాదు. దారి మధ్యమున సరళరేఖ క్రింద సుమారు 12 మీటర్లు ఖాళీ యుండవలెను. 2005 నియమములలో ఏంటెనా భవనపు కప్పుపై 5 మీటర్లు మించరాదని హద్దు ఉన్నది. అంతకు మించిన స్తంభమునకు వేరుగ అనుమతి పొందవలెను.

పాఠశాలలో ఈ విషయమును ప్రయోగము ద్వారా చూపవచ్చును. ఫోనులో సంకేతమును డీబీఎంలలో చూపు ఉచిత ప్రోగ్రాములు దొరకును. ఆటస్థలములో ఒక బల్లపై రౌటరునుంచి 2, 4, 8, 16, 32 మీటర్ల దూరమున ఒక్కొక్కచోట పది కొలతలు తీసి సరాసరి వేయవలెను. ఫోనును ఒకే ఎత్తున, ఒకే వైపు త్రిప్పి పట్టుకొనవలెను. చేతితో ఏంటెనాను కప్పినచో కొలత పలు డెసిబెల్లు మారును. అడ్డుగీతపై దూరపు సంవర్గమానమును, నిలువుగీతపై డీబీఎంలను గుర్తించినచో బిందువులు దాదాపు ఒక సరళరేఖపై పడును. ఆటస్థలములో ఆ రేఖ, దూరము పది రెట్లగునప్పటికి 20 డెసిబెల్ల ప్రాంతమున దిగును. అదే ప్రయోగమును తరగతి గదుల గుండా చేసినచో 30 నుండి 40 వరకు దిగవచ్చును. తరువాత రౌటరు అమరికలలో సామర్థ్యమును 6 డెసిబెల్లు తగ్గించి మరల కొలిచినచో, రేఖ వాలు మారదు. అది మొత్తముగా 6 గళ్ళు క్రిందికి జరుగును. జరుగనిచో, తెరపై చూపు సంఖ్యకును, రేడియో చేయు పనికిని పొత్తు లేదని తెలియును.